సంగీతోత్సవంలో ప్రచార టెంటు దగ్గర రెండు రోజుల పని: ఒప్పుకునే ముందు ఏమేమి అడగాలి?

ప్రశ్న (అమలాపురం విద్యార్థిని)

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెలలో ఒక శని, ఆదివారాల్లో కాకినాడ సముద్రతీరంలో సంగీతోత్సవం జరగబోతోంది. సీసాల్లో కొబ్బరినీళ్లు అమ్మే ఒక కొత్త సంస్థ అక్కడ ప్రచార టెంటు వేస్తోంది. వచ్చినవారికి రుచి చూపించి, వారి పేరు, ఫోన్ నంబరు రాసుకునే పనికి ఒక ఏజెన్సీవారు నన్నూ నా స్నేహితురాలినీ పిలిచారు. రోజుకు వెయ్యి రూపాయలనీ, మధ్యాహ్నం మూడు గంటల నుంచి కార్యక్రమం అయ్యేవరకు ఉండాలనీ ఫోన్‌లో చెప్పారు గాని, రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. ఇద్దరం కలిసి రోజుకు మూడు వందల నంబర్లు తేవాలన్న మాట కూడా మధ్యలో వచ్చింది. రాత్రి తిరుగు ప్రయాణం గురించి నాన్నగారు బెంగపడుతున్నారు. పాట వినడానికి వచ్చినవారిని ఆపి మాట్లాడితే వింటారా అన్నది నా సందేహం. ఇటువంటి పని చేసినవారు, చేయించినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ప్రచార టెంట్ల పర్యవేక్షకుడు, రాజమహేంద్రవరం)

అమ్మా, వింటారు. అయితే ఎప్పుడు వింటారన్నదే ఈ పనిలో అసలు విషయం. వేదిక మీద పాట నడుస్తున్నంతసేపు మీ టెంటు ముందు ఈగలు తోలుకోవాల్సిందే. ఒక బృందం దిగి, తరువాతి బృందం వాద్యాలు సర్దుకుని సౌండ్ చెక్ చేసుకునే విరామంలో జనం ఒక్కసారిగా మీద పడతారు. రోజు మొత్తంలో మీ పని జరిగేది దాదాపు ఆ విరామాల్లోనే. అందుచేత మొదటి రోజు వెళ్లగానే ఏ బృందం ఎన్ని గంటలకు ఎక్కుతుందో నిర్వాహకుల దగ్గర కనుక్కుని టెంటు గుంజకు అంటించుకోండి. పాట జరుగుతున్నప్పుడు వంతులవారీగా కూర్చుని కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్నవారు రాత్రి అసలు రద్దీ వచ్చేసరికి మాట పెగలక నిలబడడం నేను చాలాసార్లు చూశాను.

వేదిక వైపు వడివడిగా వెళ్తున్నవారిని ఆపకండి, వారి చెవి పాట మీదే ఉంటుంది. తిరిగి వస్తున్నవారిని, తినుబండారాల దుకాణాల ముందు వరుసలో నిలబడినవారిని పలకరించండి. సంస్థవారు నేర్పిన నాలుగు వాక్యాలు అప్పగించే ముందు, "దాహంగా ఉందేమో, కాస్త పుచ్చుకోండి" అంటే చాలు. కప్పులన్నీ ముందుగానే నింపి బల్ల మీద పరచకూడదు. తీరంలో గాలికి ఇసుక పడుతుంది, పైగా ఆ ఉక్కకు నీళ్లు వెచ్చబడితే రుచి పోతుంది. సీసాలు ఐస్ పెట్టెలోనే ఉంచి, మనిషి చేయి చాచాక సగం కప్పు పోయండి.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. కోనసీమవాళ్లకు సీసాలో కొబ్బరినీళ్లు అమ్మబోవడం సాహసమే. "మా పెరట్లో బొండాలు ఉండగా ఇదెందుకమ్మా?" అని పదిమందిలో ఇద్దరైనా నవ్వుతూ అడుగుతారు. బొండాం కంటే ఇదే మంచిదని వాదానికి దిగితే అక్కడితో మాట ముగుస్తుంది. బొండానికి సాటి లేదని మీరే ముందుగా ఒప్పుకుని, బస్సులోనో ఆఫీసులోనో కత్తి లేనిచోట పనికొస్తుందని చెప్పండి, అది నిజం కూడాను.

మూడు వందల నంబర్ల సంగతి లెక్కవేసి చూడండి. అసలు జనం వచ్చేది సాయంత్రం అయిదు నుంచి పది వరకు. ఇద్దరి మీద పంచితే గంటకు ముప్పై చొప్పున పడుతుంది. టెంటు ప్రవేశద్వారం పక్కనో, తినుబండారాల వరుసలోనో ఉంటే అది సాధ్యమే. వేదిక వెనుకనో, వాహనాలు నిలిపే చోటనో ఉంటే ఎంత చురుకైనవారికీ కుదరదు, అప్పుడే కొందరు నోటికొచ్చిన అంకెలు రాసేస్తారు. కాబట్టి జీతం కంటే ముందు టెంటు ఎక్కడ వేస్తున్నారో అడగండి. మరొకటి, అంత జనంలో ఫోన్ సిగ్నల్ అందక క్యూఆర్ కోడ్ తెరుచుకోదు. కాగితం చీటీలు, పెన్సిళ్లు దగ్గర ఉంచుకోవాలి. ఐసు తడి చేతులతో పెన్ను రాతలు అలుక్కుపోతాయి.

సమాధానం 2 (టెంట్ హౌస్ నిర్వాహకుడు, పాలకొల్లు)

పై పెద్దాయన చెప్పినదంతా సబబే. నేను టెంటు గురించి మాత్రమే చెబుతాను. మా వైపు సార్వా కోతలయ్యాక చేలో వేస్తే నల్లరేగడిలో మేకు గట్టిగా పట్టుకుంటుంది. సముద్రతీరపు ఇసుకలో ఎంత పొడవు మేకైనా గాలి ఊపుకు ఊడి వస్తుంది. ప్రతి గుంజ మొదట్లో ఇసుక బస్తాలు గాని, నీళ్లు నింపిన డ్రమ్ములు గాని కట్టి ఉండాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి పుంజుకునే వేళకే మీరు పనిలో దిగుతారు. వెళ్లగానే తాళ్లు చేత్తో లాగి చూడండి, వదులుగా ఉంటే బిగించేవరకు లోపల నిలబడకండి. జనరేటరు పొగ వచ్చే వైపు బల్ల వేయనివ్వకండి. కప్పులు కాగితంవే ఉండాలి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, స్ట్రాలు నిషేధం. తనిఖీకి వచ్చినవారు మొదట నిలదీసేది బల్ల దగ్గర ఉన్న మిమ్మల్నే.

సమాధానం 3 (యానాం నుంచి, ఇటువంటి పనులు చేసిన సోదరి)

చెల్లీ, చెవుల మాట ఎవరూ ఎత్తలేదు గనుక నేను చెబుతున్నాను. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతూ, 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలకు చేరుతుంది. పెద్ద స్పీకర్ల దగ్గర అంత శబ్దం మామూలే. శ్రోతలు కాసేపు విని పక్కకు వెళ్తారు, మనం కదలలేము. మందుల షాపులో దొరికే మెత్తటి ఇయర్ ప్లగ్‌లు కొనుక్కోండి. వాటిని వేళ్ల మధ్య సన్నటి వత్తిలా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి పట్టి లోపలికి దూర్చి, అవి ఉబ్బి బిగుసుకునేదాకా వేలితో అదిమి ఉంచాలి. ఎదుటివారి మాట మందంగానైనా వినిపిస్తుంది.

ఫోన్ నంబర్లు తీసుకునేటప్పుడు అవి ఎందుకో చెప్పి, ఒప్పుకున్నవారివే రాయండి. వ్యక్తిగత సమాచారంపై 2023లో వచ్చిన చట్టానికి మూలం ఆ సమ్మతే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల నంబరు మాత్రం తల్లిదండ్రులు పక్కన ఉండి సరేనంటే తప్ప వద్దు.

తిరుగు ప్రయాణం విషయంలో మీ నాన్నగారి బెంగ సరైనదే. నిబంధనల ప్రకారం రాత్రి పది తరువాత లౌడ్‌స్పీకర్లు ఆపాలి గాని, ఉత్సవాలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. అందుకే "కార్యక్రమం అయ్యేవరకు" అన్న మాటకు ఒప్పుకోవద్దు. ఎదుర్లంక వంతెన మీదుగా అమలాపురం చేరాలంటే సుమారు 60 కిలోమీటర్లు, ఆ వేళ బస్సును నమ్ముకోలేము. ఏజెన్సీవారే కారు పెట్టాలని గాని, శనివారం రాత్రి కాకినాడలో ఆడపిల్లలకు బస చూపాలని గాని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఏజెన్సీవారికి ఫోన్ చేశాను. టెంటు తినుబండారాల వరుసలోనేనట, కారు పెడతామన్నారు. నంబర్లు తక్కువైతే జీతంలో కోత ఉంటుందా అని అడిగితే మాత్రం "అప్పుడు చూద్దాం లేమ్మా" అన్నారు.

సమాధానం 1 రాసినవారు

"అప్పుడు చూద్దాం" అన్నారంటే కోత వేస్తారనే అర్థం చేసుకోండి. ఈ రోజే వాట్సాప్‌లో మీరే ఒక సందేశం పెట్టండి. రోజుకు వెయ్యి, మూడు నుంచి పది వరకు, పది దాటితే గంటకు అదనంగా ఇంత, నంబర్లతో సంబంధం లేకుండా ఆదివారం రాత్రి టెంటు విప్పేలోపు మొత్తం చెల్లింపు, తిరుగు కారు అని అందులో రాసి, "సరే" అని బదులు ఇమ్మనండి. శుక్రవారం సాయంత్రానికి బదులు రాకపోతే మీరిద్దరూ బయలుదేరవద్దు. ఆఖరి నిమిషంలో మనిషి దొరక్క వారే మళ్లీ ఫోన్ చేస్తారు, అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది.