నెట్‌వర్క్ 'ఫ్లో'ను ప్రవాహం అనవచ్చా?

ప్రశ్న: మా ఆపరేషన్స్ టీమ్ కోసం నెట్‌స్కేలర్ (వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్) మీద తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నాను. ఒక భాగానికి "లోడ్ బ్యాలెన్సర్ నుంచి ట్రాఫిక్ ప్రవాహ దత్తాంశ ఎగుమతి" అని పేరు పెట్టాను. కొత్తగా చేరిన కుర్రాడు చదివి, "అయితే ట్రాఫిక్ అంతా ఇంకో మెషీన్‌కి మళ్ళుతుందా అండీ?" అన్నాడు. ఏ మాట దారి తప్పిస్తోందంటారు?

జవాబు 1: ప్రవాహమేనండీ. ఫ్లో అంటే ఒకే సోర్స్, ఒకే డెస్టినేషన్, అవే పోర్టులు, అదే ప్రోటోకాల్ ఉన్న ప్యాకెట్ల వరస. బయటికి పంపేది ఆ ప్యాకెట్లను కాదు, వాటి లెక్కను. ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని బైట్లు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, అంతే. (నెట్‌స్కేలర్‌లో ఈ లెక్క పంపే ఫీచర్ యాప్‌ఫ్లో. అందులో కావాలంటే యూఆర్‌ఎల్, కుకీ కూడా చేర్చుకోవచ్చు. ఆ పని సెక్యూరిటీ వాళ్ళని అడగకుండా చేయకండి.) కొట్టు లెక్కల్లో ఇలాంటిదాన్ని పద్దు అంటాం. 'ఫ్లో పద్దు' అనండి, ట్రాఫిక్ మళ్ళుతుందని ఎవరూ అనుకోరు. దత్తాంశం మాత్రం దయచేసి తీసేయండి, డేటా చాలు.

జవాబు 2: పద్దు బాగుంది. శాసనసభ బడ్జెట్ వార్తల్లో వినేదే కాబట్టి కొత్తగా ఉండదు. కానీ ఎగుమతి ఎందుకు? నాకు గుంటూరు మిర్చి గుర్తొస్తోంది. 'పంపడం' అంటే పోలేదా?

జవాబు 3: ఎగుమతికి నా ఓటు ఉంది. ఫ్లో పద్దులు పంపే పద్ధతి ఐపీఫిక్స్, 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7011 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం నిర్వచించింది. దాని పూర్తి పేరు 'ఐపీ ఫ్లో ఇన్ఫర్మేషన్ ఎక్స్‌పోర్ట్', అందులోనే ఎక్స్‌పోర్ట్ ఉంది. పైగా నెట్‌ఫ్లో (అలాంటి పద్ధతే) వాడే రౌటర్లలో పద్దుకి గడువు తీరగానే క్యాషె (తాత్కాలిక నిల్వ) నుంచి తీసి కలెక్టర్‌కి, అంటే పద్దులు అందుకుని దాచే మెషీన్‌కి, పంపేస్తారు. సరుకు ఊరు దాటినట్టే కదా!

మాటల సంగతి అలా ఉంచితే, మీ గైడ్‌లో తప్పక రాయాల్సింది ఇంకొకటుంది. లోడ్ బ్యాలెన్సర్ మధ్యవర్తి. క్లయింటు ఒక కనెక్షన్ దానితో పెట్టుకుంటాడు, అది సర్వర్‌తో ఇంకొకటి పెట్టుకుంటుంది. ఒక్కో కనెక్షన్‌కీ రాక ఒక ఫ్లో, పోక ఒక ఫ్లో. అంటే మామూలుగా ఒక్క రిక్వెస్టుకి నాలుగు పద్దులు. ఈ నాలుగూ ఒకదానివే అని తెలిపేది ట్రాన్సాక్షన్ ఐడీ. అది చూడకుండా బైట్లు కూడితే లెక్క రెట్టింపవుతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇది నిజంగా పనికొచ్చేది. మరి టెంప్లేట్‌ని 'మూస' అనొచ్చా? కలెక్టర్‌లో అర్థంకాని పద్దులు కొన్ని వస్తున్నాయి, అదీ రాయాలి.

జవాబు 3: మూస సరిపోతుంది. పద్దులో ఏ గడి ఏమిటో చెప్పేది మూస. అది అందకపోతే పద్దులన్నీ ఉత్త అంకెలే. ఈ పద్దులు వెళ్ళే యూడీపీ ప్రోటోకాల్‌లో పోయిన ప్యాకెట్ మళ్ళీ రాదు కాబట్టి మూసను పదేపదే పంపుతారు. నెట్‌స్కేలర్‌లో డిఫాల్టుగా 600 సెకన్లకోసారి. కలెక్టర్‌ని రీస్టార్ట్ చేసిన వెంటనే అర్థంకాని పద్దులొస్తే ఒక పది నిమిషాలు ఆగి చూడండి. ఆ తర్వాతా అలాగే ఉంటే పద్దులు వచ్చే 4739 పోర్టు దారిలో ఫైర్‌వాల్ ఏం చేస్తోందో చూడాలి.

జవాబు 1: సెటప్ వరస కూడా వేసేయండి. ముందు యాప్‌ఫ్లో ఫీచర్ ఆన్ చేయాలి, తర్వాత కలెక్టర్, యాక్షన్ (పద్దులు ఏ కలెక్టర్‌కి పోవాలో), పాలసీ (ఏ ట్రాఫిక్‌కి ఆ యాక్షన్ వర్తించాలో). చివర పాలసీని వర్చువల్ సర్వర్‌కి (క్లయింట్లు కనెక్ట్ అయ్యే చోటు) బైండ్ చేయాలి, అంటే తగిలించాలి. ఈ మాటల్ని మాత్రం తెలుగు చేయకండి, తెర మీద కనిపించేవి అవే.