వాణిజ్య పత్రికలో మార్కెట్ అంచనా రాస్తే మా సంస్థకు గుర్తింపు వస్తుందా?

ప్రశ్న (మాదాపూర్ బ్రోకర్):
అందరికీ నమస్కారం. కార్యాలయ స్థలాలను అద్దెకు ఇప్పించే ఆరుగురు సభ్యుల చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది హైదరాబాద్ ఆఫీసు మార్కెట్ ఎలా ఉండబోతోందో ఎనిమిది వందల మాటల్లో రాసివ్వమని రియల్ ఎస్టేట్ రంగ పత్రిక ఒకటి మమ్మల్ని అడిగింది. సీబీఆర్ఈ, జేఎల్ఎల్, నైట్ ఫ్రాంక్ వంటి పెద్ద రియల్ ఎస్టేట్ సలహా సంస్థలు క్రమం తప్పకుండా నివేదికలు వెలువరిస్తుండగా మా అంచనాను ఎవరు చదువుతారు? పైగా, మేము కుదిర్చిన లీజుల జాబితా మొదటి పేరాలోనే ఉండాలని మా యజమాని పట్టుబడుతున్నారు.

జవాబు (మాజీ ఉప సంపాదకుడు):
ఆ జాబితాను మీ యజమాని గారికి నచ్చజెప్పి తీయించండి. మా డెస్కులో మొదట కొట్టేసేది దాన్నే. వ్యాసం చివర మీ పేరు, హోదా, సంస్థ పేరు ఒక్క వాక్యంలో వస్తాయి. అంతకు మించి కావాలంటే డబ్బు కట్టి ప్రకటన వేయించుకోవాలి.

నగరం మొత్తం లెక్కలను పెద్ద సంస్థలకే వదిలేసి, మీ నాలుగు వీధుల గురించి రాయండి. ఉదాహరణకు, 2023 డిసెంబరులో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నిబంధనలను సవరించి, ఐటీ సెజ్‌లలోని భవనాలను అంతస్తుల వారీగా కూడా సెజ్ కాని కంపెనీలకు ఇచ్చుకునే వీలు కల్పించారు. మీ చుట్టుపక్కల ఏ యజమానులు దాన్ని వాడుకున్నారో, ఆ అంతస్తులను ఎటువంటి కంపెనీలు అడుగుతున్నాయో, ఇంటీరియర్ పనులకు అద్దె లేకుండా ఇచ్చే నెలలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో మీకు బేరాల దగ్గరే తెలిసిపోతుంది. నివేదికల్లోకి అది ఎక్కేసరికి చాలా ఆలస్యమవుతుంది.

జవాబు (అద్దెదారు తరఫున):
మా కంపెనీకి ఆఫీసులు వెతకడం నా పని కనుక ఇటువంటి వ్యాసాలు తరచూ చదువుతాను. గిరాకీ పెరుగుతుందని బ్రోకరు రాస్తే నాకు పెద్దగా పట్టదు. తన పెరుగు పుల్లగా ఉందని ఎవరూ అనరు కదా. కొన్నేళ్ల క్రితం ఒకాయన మాత్రం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త భవనాలు వరుసగా సిద్ధమవుతున్నాయి కాబట్టి పెద్ద అంతస్తులకు అద్దె పెంచడం కష్టమని, తన కమీషనుకు నష్టమైనా రాశారు. ఆ కాగితం కత్తిరించి దాచుకుని, మా లీజు ముగిసే సమయానికి ఆయనకే ఫోన్ చేశాను.

ఇంకొక మాట. ఏ అంకె దేనికి చెందినదో స్పష్టంగా చెప్పండి. ఒక కంపెనీ కొండాపూర్‌లో లక్ష చదరపు అడుగులు ఖాళీ చేసి, నానక్‌రామ్‌గూడలో లక్ష తీసుకుంటే, మొత్తం లీజింగ్ లక్ష అని కనిపిస్తుంది. నగరంలో నికరంగా పెరిగిన వాడకం సున్నా. మొదటి అంకె ఒక్కటే వేసి మురిసిపోయే వ్యాసాన్ని నేను అక్కడే ఆపేస్తాను.

జవాబు (పాత కాపు):
2020 జనవరిలో వచ్చిన అంచనాలు మార్చి లాక్‌డౌన్‌తో ఏమయ్యాయో గుర్తుంది కదా. అందుకని ఏ పరిస్థితులు కొనసాగితే మీ అంచనా నిలుస్తుందో కూడా రాయండి. వచ్చే ఏడాది అదే పత్రికలో, ఎక్కడ తప్పామో మీరే చెప్పండి.

మాదాపూర్ బ్రోకర్:
అందరికీ కృతజ్ఞతలు. జాబితా తీసేయడానికి యజమాని గారు ఒప్పుకున్నారు. కాకపోతే వ్యాసం పక్కన ఆయన ఫొటో ఉండాలట.