అప్‌డేట్: కీబోర్డ్ మార్చాక ఆన్ కాని ల్యాప్‌టాప్ ఇప్పుడు ఆన్ అయింది

కొత్త కీబోర్డ్ వేయించాక పవర్ బటన్ నొక్కినా ల్యాప్‌టాప్‌లో చలనమే లేదని అడిగాను కదా, సమస్య తీరింది. ఛార్జింగ్ లైటు వెలుగుతోందంటే మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) బాగానే ఉండొచ్చని, నా మోడల్‌లో పవర్ బటన్ కీబోర్డులోనే భాగమని మీలో ఒకరు చెప్పిన మాటే దారి చూపింది.

ఛార్జర్ తీసేసి, వెనక మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. కీబోర్డుని మదర్‌బోర్డుకి కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్ సాకెట్లో ఓ పక్కకి ఒరిగి ఉంది. దాన్ని పట్టి ఉంచే సన్నటి నల్ల లాక్ సగమే మూసుకుంది. లాక్‌ని గోటితో మెల్లగా పైకెత్తి (చాలా పెళుసు, బలవంతం చేయొద్దు), కేబుల్‌ని తిన్నగా లోపలికంటా తోసి మూశాను. బ్యాటరీ తగిలించి బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరిగింది! మదర్‌బోర్డు పోయిందేమోనన్న టెన్షన్ వదిలింది. అందరికీ చాలా థాంక్స్.