కాథలిక్ అనాథాశ్రమాల్లో పెరిగినవారు మీ జ్ఞాపకాలు పంచుకోగలరు

తంగేడుపువ్వు:
అందరికీ నమస్కారం. నేను 1979 నుంచి 1990 వరకు వరంగల్ ప్రాంతంలో సిస్టర్లు నడిపిన ఆశ్రమంలో పెరిగి, అదే ఆవరణలోని బడిలో పదో తరగతి దాకా చదివాను. నా నంబరు 43. ఉతికిన బట్టల కుప్పలోంచి ఎవరివి వారు తీసుకోవడానికి గౌను మెడపట్టీ లోపల ఎర్రదారంతో ఆ అంకె కుట్టేవారు. కుట్టే పెద్దక్క చేతిలో 4 ఎప్పుడూ కొంచెం పక్కకు ఒరిగేది. రాత్రి నిద్ర పట్టనప్పుడు దాన్ని వేలితో తడుముతూ పడుకునేదాన్ని. ఆశ్రమం ఇప్పుడు లేదు. నన్ను అక్కడికి ఎవరు తెచ్చారో తెలుసుకోవాలని ఉంది. మీలో ఎవరైనా ఇలా వెదికారా?

కాజీపేట జంక్షన్:
అక్కా, నేను బాలుర వైపు ఉండేవాణ్ణి. అమ్మ పోయాక ముగ్గురు పిల్లలను సాకలేక నాన్న నన్ను ఫాదర్‌కు అప్పగించాడు. మాలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నా, ఊళ్లో అందరూ అనాథలనే పిలిచేవారు. తెల్లవారుజామున గంట, గుడిలో పూజ, ఆపైన గోధుమరవ్వ ఉప్మా. నెలకో ఆదివారం నాన్న పరకాల నుంచి బస్సులో సర్వపిండి మూట కట్టుకొని వచ్చేవాడు. వేపచెట్టు కింద నేను తింటుంటే చూస్తూ కూర్చునేవాడు, తాను మాత్రం ముట్టేవాడు కాదు. ఎవరూ రాని పిల్లలు దూరంగా నిలబడేవారు. వాళ్లకు పెట్టకుండా తిన్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చెరువుగట్టు:
నేను ఉన్న సంస్థ పేరు చెప్పదలచుకోలేదు. పక్క తడిపిన పిల్లలను ఆ తడి దుప్పటి భుజాన వేసి, బడికి వెళ్లే పిల్లలందరూ చూసేలా వరండాలో నిలబెట్టేవారు. నేనూ నిలబడ్డాను. అక్కడే, నాకు జ్వరం వచ్చినప్పుడు తెల్లవార్లూ నుదుటిమీద తడిగుడ్డ మార్చిన సిస్టర్ కూడా ఉంది. ఒకటి చెప్పి ఇంకొకటి దాచలేను.

గుడిగంట:
తంగేడుపువ్వు గారూ, నేను కొన్నేళ్లు విచారణ (పారిష్, అంటే ఒక చర్చి పరిధి) కార్యాలయంలో రాతపని చేశాను. ఆశ్రమం మూతపడినా, మీకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చి ఉంటే ఆ వివరం విచారణ గుడి జ్ఞానస్నాన రిజిస్టరులో ఉండాలి. తేదీ, గురువు (ఫాదర్) పేరు, జ్ఞాన తల్లిదండ్రుల (బిడ్డ విశ్వాసానికి పూచీగా నిలిచేవారి) పేర్లు, తెలిసినంతలో కన్నవారి పేర్లు అందులో రాస్తారు. తర్వాత పెళ్లి జరిగితే దాన్ని కూడా ఆ నమోదు పక్కనే చేరుస్తారు కాబట్టి ఆ పుస్తకాలను జాగ్రత్త చేస్తారు. వరంగల్ మేత్రాసనం (బిషప్ పాలన కింది ప్రాంతం) 1952లో ఏర్పడింది, దాని నుంచి ఖమ్మం 1988లో వేరైంది. మీ ఆశ్రమం అటువైపుదైతే ఖమ్మంలో అడగండి. బడి రిజిస్టరులోని పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి. జూన్‌లో చేర్చుకునేటప్పుడు వయసు అంచనా కట్టి తోచిన తేదీ వేయడం నేను చాలాసార్లు చూశాను.

తంగేడుపువ్వు:
మీరు చెప్పినట్టే వెళ్లాను. బడిలో నా పుట్టినరోజు జూన్ 1. జ్ఞానస్నాన పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది, తండ్రి పేరు లేదు. తల్లి పేరు ఉంది, ఇంటిపేరు లేకుండా, నీలిసిరాతో. దాన్ని ఇక్కడ రాయనందుకు ఏమీ అనుకోకండి. ఇంకా నేనే సరిగా పలికి చూసుకోలేదు.