లొంబోక్‌లో సముద్రం పక్కన స్థలం: డ్రైవర్ పేరు మీద కొంటే తప్పేంటి?

బీచ్ బాబు:
మొన్న ఫిబ్రవరిలో ఫ్యామిలీతో బాలి వెళ్ళాం. అక్కడి ట్రాఫిక్‌లో రెండు రోజులు నలిగి, విసుగొచ్చి పడంగ్‌బాయ్ రేవులో ఫెర్రీ ఎక్కి పక్క దీవి లొంబోక్‌లో దిగాం. దక్షిణాన సెలోంగ్ బెలనాక్ దాటాక ఒక పల్లె ఉంది. పేరు చెప్పను, చెబితే రేపే టికెట్లు బుక్ చేసేస్తారు. కొబ్బరి చెట్లు, తెల్లటి ఇసుక, మనిషి అలికిడే లేదు. మా డ్రైవర్ అక్కడ తన మేనమామ స్థలం చూపించాడు, 5 అరెలు. ఒక అరె అంటే 100 చదరపు మీటర్లు, మొత్తం మన లెక్కలో దాదాపు 600 గజాలు. వాళ్ళు చెప్పిన ధరకి శంషాబాద్ వైపు ఇందులో పావు వంతు కూడా రాదు. విదేశీయులకి అక్కడ సొంత హక్కు ఇవ్వరట కాబట్టి రిజిస్ట్రేషన్ డ్రైవర్ పేరు మీద చేయించి, నాకూ అతనికీ మధ్య అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ రాసుకుంటాం. తొమ్మిది రోజులు మాతో తిరిగాడు, మా పాపని ఎత్తుకుని నడిచాడు, చాలా మంచి మనిషి. ఫొటో పెడుతున్నాను, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

నిద్రలేని రాజు:
అరె అంటే తిట్టేమో అనుకున్నా.

జావా మామ:
బాబూ, నేను పుర్వకర్తలో బట్టల మిల్లులో పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను. ఇలాంటి మంచి డ్రైవర్లు నాకు చాలామంది తెలుసు, వాళ్ళలో ఒక్కరి పేరు మీద కూడా నేను వంద గజాలు కొనలేదు. ఇక్కడ 1960 నాటి భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే మన పట్టా లాంటి పూర్తి హక్కు, ఇండోనేషియా పౌరులకే. పరాయి దేశస్థుడికి చేరేలా నేరుగా అమ్మినా, దొంగదారిన అమ్మినా ఆ అమ్మకం చెల్లదు, భూమి సర్కారుకి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడిగే హక్కు కూడా ఉండదు. 26వ ఆర్టికల్ చదువుకోండి. పాడేరు వైపు గిరిజనుడి పేరు మీద స్థలం కొని 1/70 చట్టాన్ని బోల్తా కొట్టించామనుకునేవాళ్ళు లేరూ, అదే బాపతు. ఇంకోటి, ఫొటోలో మీ స్థలం ఇసుకని ఆనుకుని ఉంది. పోటు నీళ్ళు వచ్చే చోటు నుంచి కనీసం 100 మీటర్లు తీరానికి వదలాలి, అందులో ఇల్లు కట్టనివ్వరు.

బీచ్ బాబు:
కొలిచాను మామా. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచాను. నీళ్ళ అంచు నుంచి 130 మీటర్లు.

జావా మామ:
ఎన్నింటికి కొలిచారు?

బీచ్ బాబు:
మధ్యాహ్నం భోజనాలయ్యాక. దానికీ దీనికీ సంబంధమేంటి?

జావా మామ:
మీ ఫొటోలో రాళ్ళన్నీ బయటపడి ఉన్నాయి, వాటి మీద నాచు కూడా ఆరిపోయింది. నీళ్ళు లోపలికి పోయినప్పుడు కొలిస్తే వంద మీటర్లు కాదు, రెండొందలైనా వస్తాయి.

పక్కింటి ప్లీడరు:
మన తీరప్రాంత నిబంధనల్లో, అదే సీఆర్‌జెడ్‌లో కూడా పోటు గీత నుంచే లెక్క. అది అలా ఉంచండి, అప్పు పత్రం రాసుకుంటే కోర్టులో మీరు అప్పిచ్చినవాడే అవుతారు, ఓనరు కారు. రేపు ఆ డ్రైవర్‌కి ఏమైనా అయితే స్థలం అతని భార్యాపిల్లలది.

బీచ్ బాబు:
అక్కడ ఇసుకలోనే కట్టిన కెఫేలు నా కళ్ళతో చూశాను. వాటికి లేని వంద మీటర్లు నాకేనా?

జావా మామ:
అవి వెదురు పాకలు, తీసెయ్యమంటే సాయంత్రానికి తీసేస్తారు. మీరు కాంక్రీటు పోస్తారు.

బీచ్ బాబు:
నేనూ వెదురుతోనే కడతాను, సరేనా? మళ్ళీ వెళ్ళినప్పుడు తెల్లారుజామునే లేచి పోటు చూసి టేపు పెట్టి కొలుస్తాను. 100 ఉంటే ఒప్పుకుంటారా?

గోదారి గాలి:
ఈ వంద మీటర్లు తెగేలా లేవు. 2018 ఆగస్టులో లొంబోక్ భూకంపంలో 500 మందికి పైగా పోయారు, ఆ ఊసు ఒక్కరూ ఎత్తరేం? పైగా మన పాస్‌పోర్టుకి అక్కడ దిగగానే ఇచ్చే వీసా 30 రోజులు, ఒక్కసారి ఇంకో 30 పొడిగిస్తారు. ఆ ఇంట్లో మీరు ఉండేదెన్నాళ్ళు?

బీచ్ బాబు:
రిటైరయ్యాక వేరే వీసా తీసుకుంటాం. మామగారికి ఒకటే ప్రశ్న, చట్టం అంత గట్టిదైతే అన్ని విల్లాలు విదేశీయుల చేతుల్లోకి ఎలా వెళ్ళాయి?

లొంబోక్ లక్ష్మి:
నేను చెబుతాను. నాలుగేళ్ళుగా ప్రయా దగ్గర ఉంటున్నాం, చిన్న హోమ్‌స్టే నడుపుతున్నాం. ఇక్కడ సరైన దారులు ఉన్నాయి. 25, 30 ఏళ్ళ లీజు ఉంది, కంపెనీ పెడితే కట్టుకునే హక్కు ఉంది, నివాస అనుమతి ఉన్నవాళ్ళకి హక్ పకై, అంటే వాడుకునే హక్కు ఉంది, అది 30 ఏళ్ళు, ఆపైన పొడిగింపులు. మాది కంపెనీ పేరున లీజు. దొడ్డిదారిన వెళ్ళినవాళ్ళూ బోలెడుమంది, వాళ్ళలో సగం మంది రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోరు. స్థలం కంటే ముందు నీళ్ళ సంగతి అడగండి. దక్షిణం వైపు ఎండాకాలంలో నెలల తరబడి చినుకు పడదు, ట్యాంకర్ పిలిపించుకుని బకెట్లు లెక్కపెట్టుకుని వాడతాం. మీరు ఫిబ్రవరిలో వచ్చారు కాబట్టి అంతా పచ్చగా కనిపించింది.

ఇంకో మాట. మీ ఫొటో పెద్దది చేసి చూశాను. కొబ్బరి చెట్ల కింద నీలం టార్పాలిన్ కప్పి ఉన్నవి ఏంటనుకున్నారు? జుకుంగ్‌లు, రెండు పక్కలా వెదురు రెక్కలుండే పడవలు. ఇంకా చీకటి ఉండగానే మగవాళ్ళంతా చేరి, ఆ రెక్కలు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఎత్తి నీళ్ళలోకి దించుతారు. ఎండెక్కాక మళ్ళీ మోసుకొచ్చి ఆ నీడలోనే పెడతారు. మీరు మనిషి అలికిడి లేదన్న చోటు వాళ్ళ రేవు.

బీచ్ బాబు:
అక్కా, నేనేమైనా పడవలు వద్దన్నానా? కాస్త పక్కకి జరుపుకుంటే సరిపోతుంది కదా.

జావా మామ:
ఆ "కాస్త పక్కకి" నాకు బాగా తెలుసు. మాది భీమిలి దగ్గర పల్లె. ఊరి ముందు ఇసుక దిబ్బ మీద నలభై ఇళ్ళవాళ్ళం వలలు ఆరబెట్టుకునేవాళ్ళం. ఒకాయన వచ్చి కొన్నాడు. ఆయనా మంచివాడే, పండక్కి మా నాన్నకి బట్టలు పెట్టాడు. మొదటి ఏడాది కాస్త పక్కకి జరపండి అన్నాడు, రెండో ఏడాది కంచె వేశాడు, మూడో ఏడాది గేటు. మా నాన్న తడి వల భుజాన వేసుకుని ప్రహరీ చుట్టూ తిరిగి వచ్చేవాడు. మోకాళ్ళు అరిగాక వేటకి వెళ్ళడం మానేశాడు.

బీచ్ బాబు:
అలా చెప్పండి! ఇప్పటిదాకా ఆర్టికళ్ళు, మీటర్లు, నాచు అని నన్ను తిప్పి, అసలు సంగతి ఇదన్నమాట. మీ ఊళ్ళో ఎవరో గేటు పెడితే దానికి నేను జవాబు చెప్పాలా? అమ్ముకునేవాడికి అమ్ముకునే హక్కు లేదా? ఇరవై రెండేళ్ళ జీతం డబ్బు పెడుతున్నాను, దొంగతనం చేయట్లేదు. మీరు మాత్రం వాళ్ళ దేశంలో పద్నాలుగేళ్ళు జీతం తీసుకోవచ్చు!

జావా మామ:
జీతం తీసుకున్నాను. ఎవరి రేవూ తీసుకోలేదు.

నిద్రలేని రాజు:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా, ఆపకండి.

లొంబోక్ లక్ష్మి:
ఇద్దరూ ఆ ఊరివాళ్ళని నోట్లో వేలు పెడితే కొరకలేని వాళ్ళలా మాట్లాడుతున్నారు. మా పక్కింటాయన ఇక్కడ మండలికలో బైక్ రేసుల సర్క్యూట్ కట్టేటప్పుడు రేట్లు పెరిగితే సగం అమ్మి కూతుర్ని మతరామ్‌లో నర్సింగ్ చదివించాడు. ఆయన్ని అయ్యో పాపం అంటే నవ్వుతాడు. ఎదురింటాయన మొత్తం అమ్మేసి ఉమ్రా చేసొచ్చి, రెండు బైకులు కొని, ఇప్పుడు అదే స్థలంలో కట్టిన విల్లాలో చెట్లకి నీళ్ళు పోస్తున్నాడు. అమ్మొద్దని చెప్పడానికి నేనెవరిని? నా గొడవల్లా ఒకటే. అక్కడ పడవలు పెట్టుకునేది పదిమంది, డబ్బు తీసుకునేది ఒక్క మేనమామ. మిగతావాళ్ళని ఎవరైనా అడిగారా? కనీసం వాడపెద్దతో కూర్చుని ఒక కాఫీ తాగారా బాబూ?

బీచ్ బాబు:
ఆయనెవరో కూడా తెలియదు.

పక్కింటి ప్లీడరు:
సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది? భూమి ఆఫీసులో చెక్ చేయించారా?

బీచ్ బాబు:
మేనమామ పేరు మీదే అన్నాడు. కాగితం చూడలేదు. అసలు విషయం ఏంటంటే టోకెన్ ఇచ్చేశాను, అందుకే ఇంత టెన్షన్. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

జావా మామ:
ఎంత ఇచ్చారు?

బీచ్ బాబు:
అది అడక్కండి.

గోదారి గాలి:
ముందు ఫోన్ చేసి కాగితం ఫొటో పంపమనండి. మామ మీద కోపం తర్వాత.

బీచ్ బాబు:
చేశాను. సర్టిఫికెట్ ఇంకా వాళ్ళ తాత పేరు మీదే ఉందట. వారసులు నలుగురు. ముగ్గురు సరే అన్నారు, నాలుగో ఆయన సంతకం పెట్టాలట. "చిన్న పనే సార్" అంటున్నాడు.

లొంబోక్ లక్ష్మి:
ఆ నాలుగో ఆయన ఊళ్ళోనే ఉన్నాడా?

బీచ్ బాబు:
లేడు. మలేషియాలో పామాయిల్ తోటలో పనికి వెళ్ళాడట, ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ నీలం టార్పాలిన్ కింద ఉన్న పడవల్లో ఒకటి ఆయనదేనట.