డ్రామాలు చూసి కొరియన్ నేర్చుకోవడం అయ్యే పనేనా?

రాజాం_రమ్య: రెండేళ్లుగా రాత్రిళ్లు కొరియన్ డ్రామాలే. హంగుల్ అక్షరాలు వారంలో పట్టేశాను, 14 హల్లులు, 10 అచ్చులే కదా. ఇప్పుడు సబ్‌టైటిల్స్ తీసేసినా సగం అర్థమవుతోంది. మా బావేమో కోచింగ్ లేకుండా ఇదంతా టైమ్ వేస్ట్ అంటున్నాడు. ఆన్‌లైన్ క్లాసుకి ముప్పై వేలు అడిగారు. కట్టాలా వద్దా?

పెనుకొండ_దుబాసీ: కట్టమ్మా. ఐదేళ్లుగా దుబాసీ పనే నాది. 2019లో ఇక్కడ కియా కార్లు తయారవడం మొదలయ్యాక కొరియన్ వచ్చినవాళ్లకి గిరాకీ పెరిగింది, దాంతో పాటే డ్రామా పండితులూ పెరిగారు. ఒక కుర్రాడు ఇంటర్వ్యూకి వచ్చి ఎదురుగా కూర్చున్న యాభై ఏళ్ల కొరియన్ మేనేజర్ని పట్టుకుని "తంగ్‌షిన్" అన్నాడు. డిక్షనరీలో "మీరు" అనే ఉంటుంది, డ్రామాలో పెళ్లాం మొగుణ్ణి ప్రేమగా అలాగే పిలుస్తుంది. ఆ పెద్దమనిషి మొహం చూడాలి! అక్కడ "సార్" అన్నట్టు హోదా పేరుకి "నిమ్" చేర్చి పిలుస్తారు. ప్రేమికులు, స్నేహితులు మాట్లాడుకునేది పాన్‌మల్, అంటే మన నువ్వు-రా భాష. షాప్ ఫ్లోర్ మీటింగ్‌లో అది పనికిరాదు.

బద్ధకం_బాబ్జీ: మా రూమ్మేట్ మగాడై ఉండి వాళ్ల టీమ్ లీడ్‌ని "ఓప్పా" అంటాడు 😂 అది ఆడవాళ్లు అన్నయ్యని పిలిచే మాట, మగవాళ్లు "హ్యోంగ్" అనాలని ఎవరైనా చెప్పండ్రా వాడికి.

సబ్‌టైటిల్_సుబ్బులు: దుబాసీ గారూ, ఒక్క కుర్రాడు తప్పు చేస్తే అందరినీ కట్టగట్టి తిడతారా? మర్యాద గురించి తెలుగువాళ్లకి క్లాస్ పీకాలా? మనకీ నువ్వు, మీరు వేరువేరే. క్రియ మనలాగే చివర్లో వస్తుంది. "చోనన్ చిబే కాయో" అంటే "నేను ఇంటికి వెళ్తాను", మాటకి మాట అదే వరుస. నేను చంటిదాన్ని ఒళ్లో వేసుకుని డ్రామాలు చూసే నేర్చుకున్నాను, పైసా ఖర్చు లేదు. టోపిక్ 1, అంటే కొరియన్ భాషా పరీక్షలో మొదటి రెండు లెవెల్స్‌ది, రాశాను. రెండో లెవెల్‌కి 200లో 140 చాలు, నాకు 152 వచ్చాయి.

పెనుకొండ_దుబాసీ: టోపిక్ 1లో వినడం, చదవడం తప్ప ఇంకేముందండీ? రాయడం మూడో లెవెల్ నుంచి మొదలవుతుంది. మీ నోటిని ఎవరు దిద్దారు? చంద్రుడు, కూతురు, ముసుగు, ఈ మూడు మాటలకీ వాళ్ల భాషలో తేడా మొదటి "త" ఒక్కటే. వత్తి పలికేది ఒకటి, గాలి వదిలేది ఒకటి, మామూలుది ఒకటి. మన చెవికి మూడూ ఒకేలా ఉంటాయి. టీవీ మిమ్మల్ని ఆపి "కాదు, మళ్లీ అను" అంటుందా? పైగా మీరు చదివింది ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. హీరో ఏ సీన్‌లో "మీరు" నుంచి "నువ్వు"కి దిగాడో ఆ "యు"లో ఎక్కడ కనిపిస్తుంది?

హంగుల్_మాస్టారు: తంగ్‌షిన్ తప్పు మాట కాదు, దయచేసి సరిచేసుకోండి. ప్రకటనల్లో చదివేవాళ్లనీ అలాగే అంటారు. గొడవల్లో వాడితేనే వెటకారం.

పెనుకొండ_దుబాసీ: తప్పు మాట అని నేనెక్కడ అన్నాను మాస్టారూ? మేనేజర్‌తో అనకూడదన్నాను.

సబ్‌టైటిల్_సుబ్బులు: ఆపి చెప్పేవాళ్లు లేరు, ఒప్పుకుంటాను. అందుకే ఒక్కో సీన్ పదిసార్లు వెనక్కి తిప్పి, నా గొంతు రికార్డ్ చేసుకుని పక్కన పెట్టి వినేదాన్ని. అదీ చదువే. కానీ తమరి లాంటివాళ్లే ఇంటర్వ్యూ బల్ల అవతల ఉంటారు. ఒకచోట "ఎక్కడ నేర్చుకున్నారు" అని అడిగారు, ఇంట్లో డ్రామాలు చూసి అన్నాను. నవ్వారు. ఒక్క ప్రశ్న కూడా కొరియన్‌లో అడగలేదు! ఆ రోజు నవ్విన మనిషే మీ పోస్టుల్లో కనిపిస్తున్నాడు.

హంగుల్_మాస్టారు: చూశారా, ఆవిడ కోపంలో "తమరు" అన్నారు. తంగ్‌షిన్ అంటే సరిగ్గా అదే.

బద్ధకం_బాబ్జీ: మాస్టారూ మీకో దండం.

పెనుకొండ_దుబాసీ: నేనెవరినీ చూసి నవ్వలేదు, ఆ బల్ల దగ్గర లేను కూడా. సరే, విషయం చెప్తాను. రెండేళ్లు క్లాసులకి వెళ్లడానికి మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాను, ఈ మధ్యే విడిపించాను. ఇప్పుడు ఇంట్లో నేర్చుకున్నామంటూ వచ్చి సగం జీతానికి చేస్తామంటున్నారు. నాకు మూడేళ్లుగా పైసా పెరగలేదు. అడిగితే "మీ పనికి వేరేవాళ్లు దొరుకుతారు" అంటారు. తప్పు తర్జుమా వల్ల మిషన్ ఆగినప్పుడు మాత్రం ఫోన్ నాకే వస్తుంది.

సబ్‌టైటిల్_సుబ్బులు: అయితే సగం జీతం ఇచ్చేవాణ్ణి అడగండి. నేనేం మీ గాజులు తాకట్టు పెట్టించలేదు. నాకు ఆ సగం జీతం ఉద్యోగం కూడా రాలేదు.

పెనుకొండ_దుబాసీ: ...అదీ నిజమే.

రాజాం_రమ్య: నేను అడిగింది ముప్పై వేల సంగతి.

పెనుకొండ_దుబాసీ: ముప్పై వేలు ఒకేసారి కట్టకమ్మా. నెలనెలా తీసుకునేవాళ్లని చూడు, నీ చేత మాట్లాడించి తప్పులు దిద్దేవాళ్లయితేనే చేరు. ఈలోపు ప్రేమకథలు కాస్త తగ్గించి ఆఫీసు కథలు చూడు. మీటింగ్ సీన్‌లో ప్రతి వాక్యం చివర బాగా లాంఛనంగా "మ్నిదా" ఎవరు అంటున్నారో, మామూలు మర్యాదకి "యో"తో ఎవరు సరిపెడుతున్నారో గమనించు.

సబ్‌టైటిల్_సుబ్బులు: అంటే డ్రామాలు చూడమనేగా!

పెనుకొండ_దుబాసీ: చూడమన్నాను. చాలు అనలేదు.