లీగల్ హిస్టరీ సదస్సు: మా జేజినాయన రాసిన కాగితం చూపించొచ్చా?

చిత్తూరు వకీలు:
అన్నలూ, వచ్చే నెల తిరుపతి సదస్సులో నా పేపరు తీసుకున్నారు. తిరుమల పాలన గురించి. 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి రావడం, 1821 బ్రూస్ కోడ్ (గుడి నడపడానికి కంపెనీ పెట్టిన నియమాలు), 1843లో హాథీరాంజీ మఠానికి అప్పగింత, టీటీడీని ఏర్పాటు చేసిన 1933 చట్టం, 1987లో మిరాశీల (గుడి పనుల్లో వంశపారంపర్య హక్కుల) రద్దు, 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టడం. ఉండేది 15 నిమిషాలు, స్లైడ్లు 31! ఇంట్లో చదివి వినిపిస్తే ఆరో స్లైడుకే మా ఆవిడ వంటింట్లోకి పోయింది.

ఇంకోటి. మా జేజినాయన దస్తావేజులు రాసే లేఖరి. ఆయన ట్రంకు పెట్టెలో మా పక్కూరి గుడి అర్చక అన్నదమ్ముల వంతుల పంపకం కాగితం నకలు దొరికింది. పున్నమికి పెద్దాయన, అమాసకి చిన్నాయన. కొబ్బరి చిప్పల్లో చెరి సగం. పులిహోర తపేలాలో నాలుగో వంతు పరిచారకుడికి. ఒక మూల చెదలు తినేసింది. ఇట్లాంటివి చూపిస్తే పెద్ద ప్రొఫెసర్లు నవ్వరు కదా?

పాత సీనియర్:
నవ్వితే నవ్వనీ నాయనా. దాంతోనే మొదలుపెట్టు. తేదీలు అందరికీ తెలిసినవే, కొబ్బరి చిప్ప నీ దగ్గర మాత్రమే ఉంది. 1987 దేవాదాయ చట్టంలో 34వ సెక్షను వారసత్వాన్ని తీసేసింది, కానుకల్లో వాటాలు ఎగిరిపోయింది 144వ సెక్షనుతో. నీ చిప్ప ఆ రెండో దాంట్లోకి వస్తుంది. రెండూ కలిపేసి చెప్పొద్దు. 1996 తీర్పులో పూజ చేయడం మతం, పూజారిని నియమించడం లౌకికం అని విడదీసినారు, అది ఒక్క స్లైడు చాలు. 2007 సవరణ నీ జాబితాలో లేనే లేదు. అర్చకుల వారసత్వం కొంత తిరిగొచ్చింది దాంతోనే. ప్రశ్నల టైములో మొదటి దెబ్బ అక్కడే పడుతుంది.

రీసెర్చ్ స్కాలర్:
అన్నా, ఆ అన్నదమ్ముల పేర్లు మాత్రం కప్పి చూపించండి. మనవళ్లు ఊర్లోనే ఉంటారు. బ్రూస్ కోడ్ దగ్గర మన చిత్తూరే అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రమని ఒక మాట వేయండి, ఇక్కడోళ్లు లేచి కూర్చుంటారు.

చిత్తూరు వకీలు:
2007 చేర్చినా, స్లైడ్లు 9కి తెచ్చినా. రాత్రి మళ్లీ వినిపిస్తే ఈసారి మా ఆవిడ కదల్లేదు. అంతా విని, "మరి ఆ పులిహోర కలిపినామె వంతు యాడ రాసినారు?" అనింది. కాగితం రెండు పక్కలా తిప్పి చూసినా. లేదు.